అకాడియన్ పూర్వీకుల ఆచూకీకి ఏది మేలు: జనాభా లెక్కలా, చర్చి రిజిస్టర్లా, వాంగ్మూలాలా?

కెనడా, అమెరికా కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కోడలి తల్లి వైపువారో, అల్లుడి తండ్రి వైపువారో అకాడియన్లని, అంటే పదిహేడో శతాబ్దంలో ఇప్పటి కెనడా తూర్పు తీరంలో స్థిరపడ్డ ఫ్రెంచివారి సంతతి అని తేలింది. 1755లో బ్రిటిష్ వారు వాళ్ళను అక్కడి నుంచి వెళ్ళగొట్టడం మొదలుపెట్టారు; ఆ బహిష్కరణకు ముందటి తరాలను పట్టుకోవాలంటే ఏ పత్రాలను నమ్మాలి?

మొదట అందరి చేతికీ వచ్చేవి జనాభా లెక్కలు. అకాడియన్ల ముఖ్య ఊరైన పోర్ట్ రాయల్‌లో 1671లో తీసిన లెక్కలో కుటుంబ పెద్ద వృత్తి, భార్య పుట్టింటి పేరు, పిల్లల పేర్లు, వయసులు, చివరకు పశువులూ సాగుభూమీ కూడా ఉన్నాయి. అయితే అడిగినవన్నీ అందరూ చెప్పలేదు. పీపాలు చేసే పియెర్ లానూ తనకు ఒంట్లో బాగానే ఉందని కబురంపాడు గాని వయసు మాత్రం చెప్పలేదు; దర్జీ పియెర్ మెలాన్సన్ వివరాలివ్వడానికి నిరాకరిస్తే, ఇలాంటి వాటికోసం వీధులు పట్టుకు తిరగడానికి నీకేమైనా పిచ్చా అని అతని భార్య లెక్క రాయవచ్చిన పాద్రీనే అడిగింది. 1686 నాటి లెక్క కూడా వివరమైనదే. 1707కు వచ్చేసరికి ఇంటి పెద్ద పేరు, మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అన్న సంఖ్యలే మిగిలాయి. ఒక లెక్కలో పేరు కనిపించలేదని ఆ మనిషి పోయాడని తీర్మానించుకోకూడదు.

నా మొగ్గు చర్చి రిజిస్టర్ల వైపే, అందులోనూ పెళ్ళి నమోదుల వైపు. పోర్ట్ రాయల్ రిజిస్టర్లు 1702 నుంచి 1755 వరకు నిలిచాయి, నోవా స్కోషియా ఆర్కైవ్స్ వాటిని ఆన్‌లైన్‌లో ఉంచింది. గ్రాండ్ ప్రే అనే మరో అకాడియన్ ఊరి రిజిస్టర్లను ప్రవాసులు వెంట మోసుకుపోయారు కాబట్టి అవి ఇప్పుడు లూసియానాలోని బాటన్ రూజ్‌లో ఉన్నాయి. పిసిగిట్, కోబెక్విడ్ వంటి చోట్ల మాత్రం దాదాపు అంతా పోయింది. ఇన్ని ఖాళీలున్న రిజిస్టర్లను ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, వాటిలో రక్తసంబంధపు మినహాయింపులు ఉంటాయి. మన మేనరికాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, 1215 నుంచి కాథలిక్ చర్చి నాలుగో మెట్టు దాకా రక్తసంబంధం ఉన్నవారి పెళ్ళిని నిషేధించింది. చేసుకోవాలంటే మినహాయింపు కావాలి, దానిని పాద్రీ నమోదులో రాయాలి. రెండో మెట్టు అంటే ఇద్దరికీ తాత ఒకరే, మూడో మెట్టు అంటే ముత్తాత ఒకరే, నాలుగో మెట్టు అంటే తాతకు తాత ఒకరే. 1740లలో జరిగిన పెళ్ళికి నాలుగో మెట్టు మినహాయింపు రాశారంటే, అప్పటికి వందేళ్ళ కిందట వలస వచ్చిన మొదటి తరం దాకా, అంటే మిగిలిన రిజిస్టర్లకు అందని వెనకటి కాలానికి, ఒక దారి దొరికినట్లే. నమోదు ఏ మెట్టో చెబుతుంది గాని ఏ వైపు నుంచో చెప్పదు, కాబట్టి వధూవరుల పూర్వీకుల్లో తెలిసినవారినందరినీ కాగితం మీద పెట్టి, మిగిలిన ఖాళీలో ఎవరు ఇమడగలరో చూడాలి. బహిష్కృతులను పంపిన బ్రిటిష్ వలసల్లో పాద్రీ లేకుండా జరిగిన పెళ్ళిళ్ళను తరువాత పాద్రీ దొరికినప్పుడు మళ్ళీ చర్చిలో స్థిరపరచుకున్నారు. ఆ నమోదుల్లోనూ ఈ మినహాయింపులు దొరుకుతాయి.

ఫ్రాన్స్‌లోని బెల్ ఈల్ దీవిలో స్థిరపడ్డ అకాడియన్ల చేత 1767లో ప్రమాణం చేయించి రాయించిన వాంగ్మూలాలు చదవడానికి ఆసక్తిగా ఉంటాయి. పెద్దలు జ్ఞాపకం మీద మూడు నాలుగు తరాలు చెప్పారు. తమ తల్లిదండ్రుల గురించి చెప్పినవాటిని నమ్మవచ్చు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ముత్తాతల గురించి చెప్పినవాటికి మాత్రం మరో పత్రం తోడు కావాలి.

డీఎన్ఏ పరీక్షల సంగతికొస్తే, కొద్ది కుటుంబాలే తరతరాలుగా తమలో తాము వియ్యమందాయి కనుక, బీరకాయ పీచు చుట్టం కూడా అందులో దగ్గరి బంధువులా కనిపిస్తాడు. తల్లి వరుస ఒక్కదాన్నే చూసే మైటోకాండ్రియల్ పరీక్ష కొంత నయం.

మీ వంశంలోని దంపతుల పెళ్ళి నమోదు పోయి ఉంటే, వారి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు వెతకండి. వారిలో ఎవరైనా అవతలి కుటుంబంలోనే సంబంధం చేసుకుని ఉంటే, మీకు కావలసిన మెట్టు అక్కడ రాసి ఉండవచ్చు.