క్లిప్పుల మీద వాడే వైబ్రేషన్ మెషిన్: ఏడాది దాటినంక నా మాట

ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించుకున్నోళ్లు తొందరగా అయిపోయే దారి ఏమన్నా ఉందా అని అడుగుతుంటరు. ఏడాదికి పైగా వైబ్రేషన్ మెషిన్ వాడిన. పెట్టిన డబ్బుకు తగ్గ వేగమైతే నాకు రాలేదు.

వాడుడు తేలికే. ప్లాస్టిక్ పలక లాంటిది పళ్ల మధ్య పట్టుకుని రోజూ 20 నిమిషాలు కూర్చోవాలె. సెకనుకు 30 సార్లు సన్నగా అదురుతది, నొప్పి ఉండదు. వైరు బిగించిన రాత్రి కొంచెం హాయిగ కూడా అనిపించేది, అందుకే మధ్యలో వదిలిపెట్టలేదు. అయిదులో రెండు మార్కులు ఇస్త, ఆ రెండూ ఆ హాయికే.

పై కోరపళ్లను వెనక్కి లాగేటప్పుడు డాక్టరు ప్రతిసారీ వాటి వెనక సందు కొలిచేది. నెలకు మిల్లీమీటరు, అటూ ఇటూగా పూడేది. మెషిన్ లేనోళ్లకూ మామూలుగా అంతే జరుగుతది. పన్ను కదలాలంటే వేరుకు ఒకపక్క ఎముక కరగాలె, రెండోపక్క కొత్తది కట్టాలె. అదురుడుతో ఆ పని తొందరగ అయితదన్నదే మెషిన్ వెనక ఉన్న మాట. వైద్య పరిశోధనలను జల్లెడపట్టి చూసే కాక్రేన్ సంస్థ 2015లో ఇట్లాంటి పరికరాల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను వడపోసి, వేగం పెరుగుతదని చెప్పేందుకు గట్టి ఆధారం లేదన్నది. దవడ ఎముకకు గాట్లు పెట్టే కార్టికోటమీ వేరే సంగతి. కోసిన ఎముక మానే క్రమంలో కొన్నాళ్లు మెత్తబడి పళ్లు తొందరగ జరుగుతయి, కానీ ఆ ఊపు కొన్ని నెలలే. అందుకోసం కోత పెట్టించుకునుడు నాకు సమ్మతం కాలేదు.

మా నల్లగొండోళ్లకు అసలు ఆలస్యం ఇంకో దిక్కున ఉంది. మర్రిగూడ, మునుగోడు పక్క ఫ్లోరైడు ఎక్కువున్న బోరునీళ్లు తాగి పెరిగినోళ్ల గారపళ్ల మీద బ్రాకెట్, అంటే వైరును పట్టి ఉంచేందుకు పంటికి అంటించే చిన్న బిళ్ల, గట్టిగ అంటదు. బ్రాకెట్ అంటించే ముందు పంటికి ఆసిడ్ రాసి గరుకు చేస్తరు. ఫ్లోరైడు పట్టిన పై పొర ఆ ఆసిడ్‌కు సరిగ్గ లొంగదు. నా కిందిపళ్లవి పదేపదే ఊడినయ్. ఊడిన పన్ను జరుగుడు ఆగుతది, ఒక్కోసారి వెనక్కి తిరుగుతది, మళ్ల మొదట్ల వేసే సన్న వైరు కాడికి పోవాలె. తర్వాత డాక్టరు పై పొరను కొంచెం గీకి, ఆసిడ్‌ను ఎక్కువసేపు ఉంచి అంటించిండ్రు. అప్పటిసంది నిలబడ్డయ్. నా పళ్లు నిజంగ ముందుకు సాగింది ఆ తర్వాతనే.

ఇంకొకటి, నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు అదేపనిగ మింగొద్దు. పన్ను జరగడానికి ఒంట్లో కావలసిన స్పందననే అవి అణుస్తయి. పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరును అడిగి. సంక్రాంతికి సకినాలు కొరకకుండా పాలల్ల నానబెట్టుకుని తినుండ్రి. కొత్తగ క్లిప్పులు వేయించుకునేటోళ్లు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిండ్రో మొదటి రోజే చెప్పి, మీ పళ్లకు బ్రాకెట్ ఎట్ల అంటిస్తరో అడగుండ్రి. మెషిన్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.