ఎం.ఎస్.ఏ.కి షుగరు ఇంజెక్షన్: కొని వాడటమా, ట్రయల్‌లో చేరటమా?

బెంగళూరులోని నిమ్హాన్స్ మెదడు, నరాల ఆసుపత్రికి అనంతపురం, కడప వైపు నుంచి వచ్చే మనవాళ్ళతో మాట కలిస్తే ఈ ప్రశ్న వస్తుంది: "షుగరు ఇంజెక్షన్ మెదడు జబ్బుకు కూడా పనిచేస్తుందట కదా, రాయించుకుంటే పోలా?" ఇన్సులిన్ కాదు, బరువు కూడా తగ్గించే ఎక్సెనటైడ్, సెమాగ్లూటైడ్ కోవ ఇంజెక్షన్ల మాట ఇది. మా పెద్దమామకు మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ (ఎం.ఎస్.ఏ.). పార్కిన్సన్స్‌కు దగ్గరి చుట్టం లాంటి అరుదైన జబ్బు; లక్షమందిలో నలుగురైదుగురికి ఉంటుంది, పార్కిన్సన్స్ కంటే చాలా వేగంగా ముదురుతుంది. ఆపే మందు ఇంతవరకూ లేదు. అందుకే మారతహళ్ళిలో మా ఇంట్లో కూడా ఈ చర్చ నడిచింది. అత్త మాట ఒకటే: "ఏదో ఒకటి చేస్తే కదా మేలు, ఊరికే చూస్తా కూచోమంటావా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రయల్, అంటే మందు పనిచేస్తుందో లేదో రోగుల్లో చూసే పరీక్ష, దొరికితే చేరడం మేలు. దొరక్కపోతే ఇంజెక్షన్ జోలికి పోకపోవడమే మేలు.

ఈ ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. ఈ జబ్బులో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మెదడులో నరాలకు తెల్లపొర కట్టే కణాల్లో పేరుకుంటుంది. చనిపోయిన రోగుల మెదళ్ళను పరీక్షిస్తే, అక్కడి కణాలు ఇన్సులిన్ మాట సరిగ్గా వినడం లేదని తేలింది. ఎలుకలకు ఎక్సెండిన్ ఇస్తే కొన్ని నాడీకణాలు నిలిచాయని 2017లో ప్రచురించారు. హీలా మాన్‌స్టర్ అనే బల్లి లాలాజలంలో దొరికిన పదార్థమది. దాని కృత్రిమ రూపమే ఎక్సెనటైడ్. 2005లో అమెరికాలో షుగరు మందుగా అనుమతి పొందింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు ఎం.ఎస్.ఏ. రోగుల మీదే దీన్ని పరీక్షకు పెట్టారు. అయితే అది ఓపెన్ లేబుల్ ట్రయల్: ఎవరికి మందు అందుతోందో రోగికీ డాక్టరుకూ తెలుసు.

తెలిస్తే ఏమవుతుందంటారా? ఆశే మెరుగులా కనబడొచ్చు. ఎవరికేదో తెలియకుండా చేసినా, చిన్న ట్రయల్‌ను నమ్మలేం; పార్కిన్సన్స్ కథ చూడండి. 2017లో 62 మందితో చేసిన ట్రయల్‌లో, ఇంజెక్షన్ ఆపి 12 వారాలు గడిచాక కూడా మందు వాడినవాళ్ళ కదలిక మెరుగ్గా ఉంది. 2024లో ఇదే కోవకు చెందిన లిక్సిసెనటైడ్ 156 మందిలో ఏడాదిపాటు జబ్బును దాదాపు ఉన్నచోటే నిలిపింది. అందరూ సంబరపడ్డారు. 2025లో 194 మందిలో సగంమందికి 96 వారాలు ఎక్సెనటైడ్, మిగతావాళ్ళకు ఉత్తి మందు (అసలు మందు లేని ఇంజెక్షన్) ఇచ్చి చూస్తే, ఇద్దరికీ తేడా లేదు. అదే ఏడాది నవంబరులో, అల్జీమర్స్ మీద సెమాగ్లూటైడ్ మాత్రలతో 3,800 మందికి పైగా రోగుల్లో చేసిన రెండు పెద్ద ట్రయల్స్ కూడా జబ్బును నెమ్మదింపజేయలేదు. ఇంకో షుగరు మందు పయోగ్లిటజోన్ ఎలుకల్లో ఏ.ఎల్.ఎస్.ను (కండరాలను నడిపే నాడీకణాలు చచ్చిపోయే జబ్బు) తగ్గించింది, మనుషుల్లో మాత్రం 219 మంది చేరిన ట్రయల్‌ను ఫలితం కనబడక మధ్యలోనే ఆపేశారు.

ఇన్ని వందలమందిని పోల్చి చూస్తేగానీ తేలని సంగతి, మన ఇంట్లో ఒక్క మనిషికి మందు పొడిచి తేల్చుకోగలమా? మామకు కొన్ని వారాలు నడక బాగుంటుంది, ఉన్నట్టుండి కుదేలవుతాడు. ఆ బాగున్న వారాల్లో ఇంజెక్షన్ మొదలుపెట్టి ఉంటే దాని చలవే అనుకునేవాళ్ళం.

పనిచేయకపోయినా నష్టం లేదు కదా అంటారు. ఎం.ఎస్.ఏ.లో నష్టం ఉంది. ఇంట్లో రోజూ బీపీ రెండుసార్లు చూస్తాం. పడుకున్నప్పుడు పైఅంకె 150. లేపి నిలబెడితే మూడో నిమిషానికి 90. అత్త నడుం పట్టుకుని నిలబడుతుంది, మామ "మెడ వెనక లాగుతోందే" అంటాడు, కళ్ళు మసకేస్తాయి. సాంబారు పొలమారుతుంది, చిక్కటి రాగిజావ అయితే దిగుతుంది. ఈ కోవ ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆకలి చంపుతాయి, వికారం తెప్పిస్తాయి. లిక్సిసెనటైడ్ ట్రయల్‌లో దాదాపు సగంమందికి వికారం వచ్చింది. వాంతులై ఒంట్లో నీరు తగ్గితే ఆ 90 ఎక్కడికి దిగుతుంది? షుగరు లేని, ఇప్పటికే సన్నబడ్డ మనిషికి బరువు తగ్గించే మందు ఎందుకు? 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ ముగిసింది కాబట్టి ధర అడ్డు తగ్గుతుంది, అందుకే ఈ భయం ఇంకా ఎక్కువ. పయోగ్లిటజోన్ మాత్రలు ఎప్పటినుంచో చవక. కానీ అవి ఎముకలు విరిగే ముప్పు పెంచుతాయి, పడిపోయే జబ్బున్నవాళ్ళకు అదొక్కటి చాలు వద్దనడానికి.

ట్రయల్‌లోనూ ఇవే దుష్ఫలితాలు ఉంటాయి. తేడా ఏమిటంటే, అక్కడ బీపీ, బరువు గమనించే మనుషులుంటారు, అవసరమైతే మందు ఆపేస్తారు. మన దేశపు 2019 ట్రయల్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. సొంతంగా కొన్న ఇంజెక్షన్‌కు ఇవేవీ లేవు. ఉత్తి మందు వర్గంలో పడతామేమో అన్న బాధ నిజమైనదే, అత్త కూడా దానికే ఒప్పుకోలేదు. కానీ 2025 ఫలితం చూశాక, ఉత్తి మందు పడ్డవాళ్ళు పోగొట్టుకున్నదేమీ లేదని నాకు స్పష్టమైంది. అసలు చిక్కు వేరే: ఇలాంటి ట్రయల్స్‌లో ఎక్కువగా జబ్బు తొలిదశలో, ఇంకా నడవగలిగినవాళ్ళనే తీసుకుంటారు. ఊళ్ళో ఏళ్ళతరబడి మోకాళ్ళ నొప్పులని తిరిగి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఆ తలుపు మూసుకుపోతుంది.

ట్రయల్ లేనప్పుడు మేం చేస్తున్నది ఇది: మంచం తలవైపు ఎత్తు పెంచడం, డాక్టరు చెప్పినట్టు ఉప్పూ నీళ్ళూ, బీపీ పడిపోకుండా మిడోడ్రిన్, మింగడానికి స్పీచ్ థెరపిస్టు, రోజూ ఫిజియోథెరపీ.

వెతికేవాళ్ళకు: మన దేశంలో ట్రయల్స్ అన్నీ ఐ.సి.ఎం.ఆర్. నడిపే సి.టి.ఆర్.ఐ. రిజిస్ట్రీలో నమోదు కావాలి. జబ్బు పేరుతో వెతికి, ఇంకా రోగులను చేర్చుకుంటున్నారో లేదో చూసి, ఆ కాగితం మీ న్యూరాలజిస్టుకు చూపించండి. పరీక్షిస్తున్న మందుకు డబ్బు కట్టమంటే సంతకం పెట్టకండి. సమ్మతి పత్రంలో ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులు, భద్రత చూసేవాళ్ళు) నంబరు ఉంటుంది, ముందు వాళ్ళకు ఫోన్ చేయండి.