ఫైట్ స్టిక్‌కి కొత్త లీవరా, ఉన్నదానికే గట్టి స్ప్రింగా: ఏది మేలు?

ఫైట్ స్టిక్ అంటే ఫైటింగ్ గేములు ఆడటానికి లీవరూ బటన్లూ ఉండే డబ్బా. దాని గురించి కొన్ని నెలలుగా నన్ను అడుగుతున్న వాళ్లందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, తక్కువలో వస్తోందని ఒక ఫైట్ స్టిక్ కొన్నాను, లోపల సామాను మార్చాలి, సాన్వా వెయ్యనా, సెయ్‌మిట్సు వెయ్యనా, కొరియన్ లీవర్ తెప్పించనా?" సాన్వా, సెయ్‌మిట్సు రెండూ లీవర్లు చేసే జపాన్ కంపెనీలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. పైగా ఈమధ్యే నా స్టిక్‌ని మళ్లీ విప్పి బిగించాను, తేడా ఇంకా చేతిలోనే ఉంది.

ముందే చెప్పేస్తున్నా, నా లెక్కలో లీవర్ ఏ కంపెనీది అన్నది రెండో విషయం. వదిలినప్పుడు అది మధ్యకి ఎంత త్వరగా వస్తుంది, వచ్చాక కదలకుండా నిలబడుతుందా లేదా, ఇదే మొదటి విషయం. టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్‌లో మిషిమా కుటుంబం క్యారెక్టర్లు కొట్టే 'ఎలక్ట్రిక్' అనే గుద్దు తీసుకోండి. ముందుకి కొట్టాలి, మధ్యకి రావాలి, కిందకి, ఆ తర్వాత కింద-ముందు మూలకి, సరిగ్గా ఆ మూల తగిలిన ఫ్రేములోనే 2 (కుడి చేతి గుద్దు బటన్) నొక్కాలి. ఫ్రేము అంటే సెకనులో అరవయ్యో వంతు. ఇందులో మధ్యకి రావడం అనేది సగం మీ చేతి పని, సగం స్ప్రింగు పని. స్ప్రింగు మెత్తగా ఉంటే మీరు కిందకి లాగేసరికి లీవర్ ఇంకా ముందు స్విచ్‌ని వదిలి ఉండదు, గేమ్‌కి మధ్య అన్నది కనపడదు, ఎలక్ట్రిక్ కాదు కదా మామూలు క్రౌచ్ డాష్ (వంగి ముందుకి దూసుకెళ్లడం) కూడా రాదు. స్ట్రీట్ ఫైటర్‌లో ముందుకి రెండుసార్లు కొట్టి డాష్ చేయడానికీ అంతే, రెండు కొట్లకీ నడుమ లీవర్ మధ్యని తాకాలి. చాలామంది "నా టైమింగ్ బాగాలేదు" అని నెలల తరబడి ప్రాక్టీస్ మోడ్‌లో కూర్చుంటారు. వాళ్లలో కొందరి స్టిక్‌లు చేతిలోకి తీసుకుని చూశాను, తప్పు టైమింగ్‌ది కాదు.

ఇక లీవర్ల సంగతి. సాన్వా వాళ్ల జేఎల్‌ఎఫ్ లీవర్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. జపాన్ ఆర్కేడ్లలో టైటో వాళ్ల వ్యూలిక్స్ క్యాబినెట్లు ఆడినవాళ్ల చేతికి అలవాటైనది ఇదే, బయట దొరికే స్టిక్ డబ్బాల్లో ఎక్కువ భాగం దీని కొలతలకే తయారవుతాయి, ఐదు పిన్నుల కనెక్టర్ ఒకటి పీకి ఒకటి గుచ్చడమే, సోల్డరింగ్ అక్కర్లేదు. ధర 25 డాలర్లకి అటూ ఇటూ. స్టిక్‌తో వచ్చిన నకలు లీవర్ తీసేసి దీన్ని పెడితే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. కానీ దీనితో వచ్చే స్ప్రింగు నా చేతికి చాలా మెత్తన. సందు చివర వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి కేఓఎఫ్ 97 ఆడుతూ పెరిగిన చెయ్యి నాది, అక్కడ లీవర్‌ని కొట్టినట్టే తిప్పేవాళ్లం. ఆ బలంతో జేఎల్‌ఎఫ్‌ని తిప్పితే గేటు (లీవర్ ఎంతదాకా కదలాలో ఆపే చట్రం) గోడకి టకటకా తగులుతూనే ఉంటుంది, వదిలితే నీరసంగా మధ్యకి వస్తుంది. మణికట్టుతో కాకుండా వేళ్లతో సున్నితంగా తిప్పేవాళ్లకి ఆ మెత్తదనమే హాయి, వాళ్లు ఏమీ మార్చకుండా ఏళ్ల తరబడి ఆడతారు.

అలా కాని వాళ్లకి నేను చెప్పేది, లీవర్ మార్చకండి, స్ప్రింగు మార్చండి. జేఎల్‌ఎఫ్ కోసమే రెండు పౌండ్ల స్ప్రింగు, నాలుగు పౌండ్ల స్ప్రింగు అని విడిగా అమ్ముతారు, లీవర్ ధరతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. నాలుగు పౌండ్లది పెట్టి చూశాను, గంట ఆడేసరికి ముంజేయి బరువెక్కింది, కిందకి పట్టుకుని ఛార్జ్ చేసే క్యారెక్టర్లతో అయితే ఇంకా కష్టం. రెండు పౌండ్లది సరిపోయింది. వదిలిన వెంటనే మధ్యకి వస్తుంది, గోడకి తగిలే చప్పుడు కూడా తగ్గింది, ఎందుకంటే అక్కడిదాకా తోసేలోపే చేతికి అడ్డు తెలుస్తుంది.

మార్చడం పది నిమిషాల పని, కష్టమంతా ఒక్కచోటే. షాఫ్ట్ (లీవర్ కడ్డీ) కింది చివర ఈ-క్లిప్ అని చిన్న ఇనుప రింగు ఉంటుంది. యాక్చుయేటర్‌ని (షాఫ్ట్ కింద ఉండి స్విచ్‌లని నొక్కే ముక్క) వేలితో లోపలికి అదిమిపట్టి స్ప్రింగు ఒత్తిడి తగ్గించాక, చదును మొన స్క్రూడ్రైవర్‌తో దాన్ని పక్కకి తోయాలి. అదమకుండా తోస్తే అది ఎగిరి గదిలో ఎక్కడ పడుతుందో తెలియదు, దానికి బదులు ఇంట్లో ఏదీ సరిపోదు. నేను ప్లాస్టిక్ కవర్ లోపల చేతులు పెట్టి తీస్తాను. విప్పారు కాబట్టి పనిలో పనిగా పివట్ (షాఫ్ట్ తిరిగే గుండ్రని భాగం) మీద ఎండిపోయిన గ్రీజు తుడిచి కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. తలుపు బందులకి కొట్టే స్ప్రే మాత్రం వద్దు, అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. స్ప్రింగుతో పాటు పెద్ద యాక్చుయేటర్ కూడా వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. యాక్చుయేటర్ లావుగా ఉంటే స్విచ్ తొందరగా తగులుతుంది, లీవర్ కొంచెం కదిపితే చాలు. వినడానికి బాగుంటుంది. కానీ గట్టి స్ప్రింగుతో లీవర్ వేగంగా వెనక్కి వస్తుంది, ఆ ఊపులో మధ్యని దాటి ఒక వెంట్రుకవాసి అవతలికి పోతుంది. మామూలు యాక్చుయేటర్ అయితే ఆ చిన్న దూరానికి ఎదుటి స్విచ్ తగలదు, పెద్దదైతే తగులుతుంది. ఎడమ వైపు వదిలితే తెర మీద ఒక ఫ్రేము కుడి కనపడుతుంది. వెనక్కి పట్టి బ్లాక్ చేస్తూ వదిలిన క్షణంలో ముందుకి అని పడితే దెబ్బ తినడమే. ఒక వారం ఈ రెండూ కలిపి ఆడి, ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ హిస్టరీ పెట్టుకుని చూసి, యాక్చుయేటర్ తీసేశాను. రెండింటిలో ఒకటే కావాలంటే నా ఓటు స్ప్రింగుకి.

అష్టకోణం గేటు గురించి అడిగేవాళ్లు ఎక్కువే. చతురస్రం గేటుతో స్ట్రీట్ ఫైటర్‌లో జాంగీఫ్ 360 (లీవర్‌ని చుట్టూ తిప్పాల్సిన దెబ్బ) తిరగడం లేదు, గుండ్రంగా ఉంటే తేలిక కదా అంటారు. గేటుని నమ్ముకుని తిప్పడం అలవాటైతే ఏ గేటైనా ఇబ్బందే, స్విచ్ తగిలేది గోడ దగ్గర కాదు, చాలా ముందే. చతురస్రంలో మూలలు స్పష్టంగా ఉంటాయి, కళ్లు మూసుకుని కూడా కింద-వెనక మూల పట్టుకుని కూర్చోవచ్చు. అష్టకోణంలో ఆ మూల లీవర్ జారిపోయేంత చిన్న గుంట. నెల రోజులు చతురస్రంతో ఆడాక కూడా పడకపోతే అప్పుడు మార్చుకోండి, నాలుగు క్లిప్పులే.

సెయ్‌మిట్సు ఎల్‌ఎస్-32 జేఎల్‌ఎఫ్ కన్నా బిగువు, కదలిక తక్కువ. విమానాలతో బుల్లెట్లు తప్పించుకునే షూటింగ్ గేములు ఇష్టమైతే దీన్ని మించింది లేదు, ఫైటింగ్‌కి కూడా మంచిదే. హోరీ వాళ్ల హయబుసా జేఎల్‌ఎఫ్‌కి దగ్గరి చుట్టం, కొంచెం బిగువుగా ఉంటుంది. మీ స్టిక్‌లో ఇప్పటికే అది ఉంటే తీసి జేఎల్‌ఎఫ్ పెట్టడానికి డబ్బు పెట్టకండి.

కొరియన్ లీవర్‌ది వేరే కథ, దాన్ని ఒక్క ముక్కలో తేల్చేయడం న్యాయం కాదు. క్రౌన్ 309 కానీ, మ్యుంగ్‌షిన్ ఫాంటా కానీ, వీటిలో స్ప్రింగు ఉండదు, దాని బదులు రబ్బరు రింగు షాఫ్ట్‌ని నాలుగు వైపులా పట్టుకుని ఉంటుంది. మధ్య నుంచి ఎంత దూరం తోస్తే అంత గట్టిగా వెనక్కి గుంజుతుంది, అందుకే మధ్యకి రావడంలో దీన్ని జేఎల్‌ఎఫ్ ఎన్నటికీ అందుకోలేదు. నేను పైన చెప్పిన కొలబద్దతోనే చూస్తే గెలిచేది ఇదే, ఒప్పుకుంటాను. టెక్కెన్‌లో కొరియన్ బ్యాక్‌డాష్‌కి (వరసగా వేగంగా వెనక్కి జరిగే కదలిక) ఆ పేరు ఊరికే రాలేదు, ఆ కదలికకి ఈ లీవర్ చక్కగా నప్పుతుంది. మరి ఎందుకు ముందు దీన్నే కొనమనడం లేదంటే, జపాన్ కొలతల డబ్బాలో ఇది ఊరికే కూర్చోదు. లోతు సరిపోవాలి, షాఫ్ట్ రంధ్రం వెడల్పు సరిపోవాలి, చాలా రకాల్లో ఐదు పిన్నుల కనెక్టర్ ఉండదు, ఒక్కో స్విచ్‌కి విడిగా తీగలు వేసుకోవాలి. రబ్బరు కూడా కాలంతో మెత్తబడుతుంది, మార్చాలి. ఇక్కడికి తెప్పించాలంటే కొరియర్, కస్టమ్స్ కలిపి లీవర్ ధరకి దగ్గరగా పోతుంది. మీరు ఆడేది టెక్కెన్ ఒక్కటే, డబ్బా లోతు కొలిచి చూసుకున్నారు అంటే నిశ్చింతగా తెప్పించుకోండి. స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 రెండూ ఆడేవాళ్లకి మాత్రం రెండు పౌండ్ల స్ప్రింగున్న జేఎల్‌ఎఫ్ అన్నింటికీ సర్దుకుపోతుంది.

బటన్లలో నాకంత పట్టింపు లేదు. సాన్వా ఓబీఎస్‌ఎఫ్-30 చాలా తేలిక, వేలు ఆనించినా పడుతుంది, అది కొందరికి వరం కొందరికి తలనొప్పి. సెయ్‌మిట్సు పీఎస్-14-జీ కొంచెం గట్టి. గేమర్‌ఫింగర్ బటన్లలో కీబోర్డుల్లో వాడే చెర్రీ స్విచ్‌లు ఉంటాయి, నచ్చిన స్విచ్ మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఆడేవాళ్లు సాన్వాలోనే నురుగు మెత్తలున్న నిశ్శబ్ద రకం తీసుకోండి. పలచని ప్లేటైతే గుచ్చే రకం, మందపాటి చెక్కైతే మర బిగించే రకం, అది చూసుకుని కొనండి. లీవర్ లేకుండా అన్నీ బటన్లే ఉండే రకం గురించి కూడా అడుగుతున్నారు, అది మార్పిడి కాదు, కొత్త వస్తువు, చేతికి మళ్లీ మొదటినుంచి నేర్పాలి.

కాబట్టి డబ్బు కొంచెం కొంచెంగా పెట్టేవాళ్లు ఈ వరసలో వెళ్లండి. ఉన్నది నకలు లీవర్ అయితే ముందు జేఎల్‌ఎఫ్, దాంతోపాటే రెండు పౌండ్ల స్ప్రింగు ఒకే పార్శిల్‌లో, ఎందుకంటే రెండుసార్లు తెప్పిస్తే కొరియర్ ఖర్చే స్ప్రింగుని మించిపోతుంది. రోజూ నొక్కే బటన్లు నాలుగో ఆరో తర్వాతి నెల. స్టార్ట్, సెలెక్ట్ బటన్లు మార్చకపోయినా ఏం కాదు. విప్పేముందు కనెక్టర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, లీవర్‌ని తిప్పి బిగిస్తే పైకి తోసినప్పుడు పక్కకి పోతుంది, అప్పుడు కంగారుపడి తీగలన్నీ పీకేయకుండా ఆ ఫొటో చూసుకుని మళ్లీ తిప్పి బిగించండి.