మూడేళ్లుగా 64 బఫర్ మీదే: ఇంటి రికార్డింగ్‌కి రైజెన్ 7 5700ఎక్స్

ఈ ప్రాసెసర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే. మైకు ముందు నిలబడిన మనిషికి తన గొంతు తనకి ఆలస్యంగా వినిపించదు. మూడేళ్లు దాటింది వాడబట్టి, ఇప్పటికీ నా మొదటి మాట అదే. కోర్లు ఎన్ని, వేగం ఎంత అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

అంతకు ముందు నా దగ్గర నాలుగు కోర్ల పాత కంప్యూటర్ ఉండేది. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క, దాన్ని శాంపిళ్లలో (శబ్దపు కొలతల్లో) లెక్కపెడతారు. అది 512 కంటే తగ్గిస్తే చాలు, చిటపటలు మొదలయ్యేవి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ల లెక్కన, 512 శాంపిళ్లంటే దాదాపు 10.7 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, హెడ్‌ఫోన్స్‌లోకి తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి ఆ ఆలస్యం పడుతుంది. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ తీసుకునే సమయం దానికి అదనం. అన్నీ కలిపితే 20 మిల్లీసెకన్లు దాటిపోతుంది. మా చెల్లెలు రెండు లైన్లు పాడగానే ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్స్ పక్కకి జరిపి, "అన్నయ్యా, నా వెనకాల ఇంకెవరో పాడుతున్నట్టుంది" అనేది. డైరెక్ట్ మానిటరింగ్ పెడితే, అంటే గొంతుని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినిపిస్తే, ఆలస్యం పోతుంది గానీ, అప్పుడు కంప్యూటర్‌లో వేసిన రివర్బ్ (గొంతుకి తోడయ్యే గది మోత) తనకి వినపడదు. రివర్బ్ లేని పొడి గొంతు వింటూ పాడమంటే తను బిగుసుకుపోతుంది. పై స్థాయికి వెళ్లాల్సిన చోట వెనక్కి తగ్గిపోతుంది.

కొత్తది బిగించిన రోజు బఫర్ 64 పెట్టాను. అంటే 1.33 మిల్లీసెకన్లు. రివర్బ్, గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ రెండూ వేసి హెడ్‌ఫోన్స్ చేతికిచ్చాను. పాట మొత్తం అయ్యేదాకా తను వాటిని ముట్టుకోలేదు. ఆ టేక్ ఇప్పటికీ దాచుకున్నాను.

నాలుగో నెలలో దెబ్బ తగిలింది. మంచి టేక్ నడుస్తుండగా టప్ మని ఒక చప్పుడు. వినడానికి వేలి గోటితో మైకు మీద కొట్టినట్టుంది. వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తే, గీత సాఫీగా వస్తూ వస్తూ ఒక చోట కత్తిరించినట్టు తెగి, కొంచెం పక్కన మళ్లీ మొదలైంది. తర్వాత నిమిషం, నిమిషంన్నరకి ఒకటి చొప్పున అదే చప్పుడు. ప్రాసెసర్ మీటర్ చూస్తే 28 శాతం దగ్గరే ఉంది. ఇంత ఖాళీ ఉండి కూడా శబ్దం ఎందుకు తెగుతోందో అర్థం కాక చాలా టెన్షన్ పడ్డాను. ప్రాసెసరే పోయిందనుకున్నాను. బయోస్ అప్‌డేట్ చేశాను. మెమరీ వేగం తగ్గించి చూశాను. పవర్ ప్లాన్ మార్చాను. పని లేనప్పుడు కోర్లని నిద్రపుచ్చే సీ-స్టేట్స్‌ని బయోస్‌లో ఆపేశాను. దాంతో చప్పుళ్లు తగ్గలేదు, ఖాళీగా ఉన్నప్పుడు వేడి మాత్రం పెరిగింది. చివరికి విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ప్లగిన్లన్నిటికీ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించే రివర్బ్ లాంటి చిన్న ప్రోగ్రాములు) లైసెన్సులు మళ్లీ ఎక్కించుకోవడానికే రెండు రోజులు పట్టింది. చప్పుడు అలాగే ఉంది.

నెల తర్వాత లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ నడిపాను. నిజానికి మొదటి రోజే నడపాల్సింది. ఏ డ్రైవర్ ఎంతసేపు ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటోందో అది చూపిస్తుంది. జాబితాలో అన్నిటికంటే పైన నెట్‌వర్క్‌కి సంబంధించిన ఎన్‌డీఐఎస్ ఉంది, 2 మిల్లీసెకన్లకు పైగా. అప్పుడు గుర్తొచ్చింది. చప్పుళ్లు మొదలైన నెలలోనే కంప్యూటర్‌ని లోపలి గదిలోకి మార్చాను. నెట్ కేబుల్ అక్కడిదాకా అందక వైఫై ఆన్ చేశాను. చుట్టుపక్కల ఏ నెట్‌వర్కులు ఉన్నాయో అని అది మధ్యమధ్యలో వెతుకుతుంది. అలా వెతికినప్పుడల్లా దాని డ్రైవర్ ఆ 2 మిల్లీసెకన్లూ అడ్డం కూర్చుంటోంది. 64 బఫర్ మీద నా ఆడియోలో ప్రతి ముక్కకీ ఉన్న గడువేమో 1.33 మిల్లీసెకన్లు. అది దాటితే శబ్దం తెగక తప్పదు. పాత కంప్యూటర్‌లో 512 బఫర్ మీద ఇలాంటివి పది జరిగినా తెలిసేది కాదు, ఎందుకంటే అక్కడ గడువే 10 మిల్లీసెకన్లు. డివైస్ మేనేజర్‌లో వైఫై డిసేబుల్ చేసి గంటన్నర రికార్డ్ చేశాను. ఒక్క చప్పుడు లేదు.

అందుకే ప్రాసెసర్ ఎంచుకునేవాళ్లకి ఇది ముందే చెప్తున్నాను. శాతం చూపించే మీటర్ సగటు లెక్క. తక్కువ బఫర్ మీద రికార్డ్ చేసేవాళ్లకి సగటుతో పని లేదు, ప్రతి ముక్కా దాని గడువులోపు పూర్తయిందా లేదా అన్నదే లెక్క. ఎంత పెద్ద చిప్ కొన్నా ఒక చెడ్డ డ్రైవర్ చాలు దాన్ని పాడు చేయడానికి.

కొన్న కొత్తలో, ఎనిమిది కోర్లున్నాయి కదా, ఇక ట్రాక్ ఫ్రీజ్ చేసే (ప్లగిన్లతో సహా ముందే ఆడియోగా మార్చి పెట్టుకునే) అవసరమే రాదు అని తెలిసినవాళ్లకి చెప్పేవాణ్ని. ఆ మాట ఇప్పుడు అనలేను. ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటే నడవాలి. ముందుది పూర్తి కాకుండా తర్వాతది మొదలవదు. నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. మిగతా ట్రాకుల్ని అది ముందుగానే లెక్క కట్టి పెట్టుకుంటుంది గానీ, రికార్డింగ్‌కి సిద్ధంగా ఉంచి వింటున్న ట్రాక్‌ని అప్పటికప్పుడే నడపాలి. ఓవర్‌శాంప్లింగ్ పెంచిన (అంటే ఇంకా ఎక్కువ శాంపిళ్లతో లెక్క కట్టే) ఒక బరువైన సింథ్ వాయిద్యం, దాని మీద శబ్దాన్ని చిక్కబరిచే రెండు శాచురేషన్ ప్లగిన్లు వేసి 64 మీద వాయిస్తే ఒక కోర్ అంచుకి వెళ్లిపోతుంది, మిగతా ఏడూ దాదాపు ఖాళీగా ఉంటాయి. ఇంకో నాలుగు కోర్లు ఎక్కువున్నా ఆ ట్రాక్‌కి ఒరిగేదేమీ లేదు. ఈరోజు కొనాల్సి వస్తే ఒక్క కోర్ వేగం ఎంతో ముందు చూస్తాను, ఎన్ని కోర్లన్నది తర్వాత. లీనియర్ ఫేజ్ ఈక్యూ (శబ్దంలో బాస్, ట్రెబుల్ లాంటివి సర్దే ఒక రకం ప్లగిన్) లాంటివి తమంతట తామే పెట్టే ఆలస్యాన్ని తగ్గించడం ఏ ప్రాసెసర్ వల్లా కాదు. వాటిని రికార్డింగ్ అయ్యాకే వేస్తాను.

మైకు, కంప్యూటర్ ఒకే గదిలో ఉండేవాళ్లకి 65 వాట్ల చిప్ కావడం చాలా కలిసొస్తుంది. దీంతో పాటు కూలర్ రాదు. నేను పెద్ద ఎయిర్ కూలర్ పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేలా సెట్ చేశాను. నెమ్మదిగా పాడే చోట కూడా దాని హోరు ట్రాక్‌లోకి రాలేదు. ఇందులో గ్రాఫిక్స్ లేవు కాబట్టి ఫ్యాన్ లేని పాత కార్డు ఒకటి పెట్టుకున్నాను. తర్వాతి తరం రైజెన్ 7000 చిప్‌లు వేరే సాకెట్‌కి మారాయి, అంటే వాటికి వెళ్లాలంటే బోర్డు, మెమరీ అన్నీ మార్చాల్సిందే.

నా పని 30, 40 ట్రాకులు, ఒక్కో టేక్‌కి ఒక్క గొంతు. దానికి ఇది సరిపోయింది. ముందే రికార్డ్ చేసిన ఆర్కెస్ట్రా వాయిద్యాల శబ్దాలతో వందల ట్రాకులు నడిపేవాళ్లకి ఎక్కువ కోర్లు, అంతకంటే ముందు చాలా మెమరీ కావాలి. వాళ్లకి నా అనుభవం పనికి రాకపోవచ్చు. ఏదీ లైవ్‌గా రికార్డ్ చేయకుండా మౌస్‌తోనే పాట కట్టేవాళ్లు బఫర్ 1024 మీద పెట్టుకుని ఇంతకంటే చిన్నదాంతో కూడా హాయిగా గడిపేయొచ్చు.

లోపలి గదిలోకి పొడవాటి కేబుల్ లాగాను. వైఫై అప్పట్నుంచీ ఆఫ్‌లోనే ఉంది. బరువైన సింథ్ వచ్చినప్పుడు దాని ట్రాక్ ఫ్రీజ్ చేస్తాను, బఫర్‌ని మాత్రం 64 నుంచి కదిలించను.