పాత కారుకి పెర్ఫార్మెన్స్ చిప్: ఏది పనికొస్తుంది, ఏది దండగ

ఇంజిన్ పవర్ పెంచుతుందంటూ పెర్ఫార్మెన్స్ చిప్ పేరుతో అమ్ముతున్నవాటిలో చాలావరకు అసలు చిప్‌లే కావు. ముందు వాటిని పక్కన పెట్టేస్తే మిగతా ఎంపిక సులువవుతుంది.

గాలి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ వైరుకి తగిలించే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. విప్పి చూస్తే లోపల ఉండేది ఒక రెసిస్టర్. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బాగా చల్లగా ఉందని ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌ని, నమ్మించడమే దాని పని. ఈసీయూ ఆ మాట నమ్మి పెట్రోల్ ఎక్కువ వదులుతుంది. నిలకడగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాని పట్టుకుని సరిచేసేస్తుంది, కాబట్టి మార్పేమీ ఉండదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం, కంపెనీ సెట్టింగే కాస్త రిచ్‌గా (పెట్రోల్ పాలు ఎక్కువగా) ఉండే చోట, ఇంకా రిచ్ అయి పవర్ తగ్గుతుంది, ప్లగ్‌లు నల్లబడతాయి. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. గాలి వేడెక్కినప్పుడు టైమింగ్ (స్పార్క్ ఇచ్చే సమయం) వెనక్కి లాగి ఇంజిన్‌ని కాపాడే ఏర్పాటు కొన్ని ఈసీయూల్లో ఉంటుంది. ఈ డబ్బా ఆ రక్షణని కూడా తీసేస్తుంది. ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. డయాగ్నస్టిక్ పోర్టులో గుచ్చగానే పవర్ పెరుగుతుందనే చవకరకం ప్లగ్‌లదీ ఇదే సంగతి. లోపల లైట్లు వెలిగించే సర్క్యూట్ తప్ప ఏమీ లేనివి వాటిలో బోలెడు.

అసలైన చిప్ అంటే ఈసీయూ లోపలి ఈప్రామ్, అంటే ఇంజిన్ సెట్టింగులు దాచే మెమరీ చిప్. 1980ల మధ్య నుంచి 1990ల మధ్య వరకు వచ్చిన చాలా కార్లలో ఇది 28 కాళ్ల ఐసీ. 27సీ256 అయితే 32 కిలోబైట్లు, 27సీ512 అయితే 64. ఎంత ఆర్‌పీఎమ్‌లో, ఎంత లోడ్‌లో, ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ ఇవ్వాలి, ఎంత పెట్రోల్ వదలాలి అన్న పట్టికలు, రెవ్ లిమిట్, కొన్నిట్లో టాప్ స్పీడ్ పరిమితి అందులోనే ఉంటాయి. ఆ తర్వాతి కార్లలో ఫ్లాష్ మెమరీ వచ్చింది. వాటికి చిప్ మార్చరు, కేబుల్‌తో ఫైల్ రాస్తారు.

ఎంత లాభం? టర్బో ఉన్న ఇంజిన్‌లో బూస్ట్‌ని (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని) ఈసీయూ నడిపిస్తుంటే, మంచి చిప్‌తో 15 నుంచి 25 శాతం పెరగడం మామూలే. టర్బో లేని రెండు లీటర్ల ఇంజిన్‌లో పది హార్స్‌పవర్ దాటడం అరుదు. 30, 40 పెరుగుతుందని రాసి ఉంటే ఆ అమ్మకందారుని వదిలేయండి. అలాగని టర్బో లేని బండికి చిప్ వృథా అనీ అనలేం. కంపెనీవాళ్లు రకరకాల పెట్రోల్‌కి తట్టుకునేలా టైమింగ్ కాస్త వెనక ఉంచుతారు. మధ్య ఆర్‌పీఎమ్‌లో రెండు మూడు డిగ్రీలు ముందుకి జరిపితే, అంకెల్లో పెద్దగా కనిపించకపోయినా, గేర్ మార్చకుండానే బండి లాగుతుంది. రోజూ నడిపేవాళ్లకి ఆ పికప్పే అసలు లాభం. రెవ్ లిమిట్ పెంచిన చిప్‌లు మాత్రం పాత ఇంజిన్‌కి వద్దు. పాతికేళ్లు నలిగిన వాల్వ్ స్ప్రింగులు ఆ అదనపు 500 ఆర్‌పీఎమ్ దగ్గర వాల్వుని సమయానికి మూయలేవు.

టైమింగ్ ముందుకి జరపడమంటే మంచి ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ అడగడమే. జనం పొరపడేదీ ఎక్కువగా ఇక్కడే. అమెరికాలో తయారైన చిప్ మీద 93 అని ఉంటే అది ఏకేఐ అనే అక్కడి ఆక్టేన్ లెక్క, మిగతా చాలా దేశాలు వాడే ఆర్‌ఓఎన్ అనే లెక్కలో దాదాపు 98. దాన్ని 93 ఆర్‌ఓఎన్ అనుకుని మామూలు పెట్రోల్ పోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు, వేడిలో, ఇంజిన్ నాకింగ్ కొడుతుంది, అంటే పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమంటుంది. నాక్ సెన్సర్ ఉన్న ఇంజిన్ టైమింగ్ వెనక్కి లాక్కుని బతికిపోతుంది, పెరిగిన పవర్ కూడా దాంతోపాటే పోతుంది. బీఎమ్‌డబ్ల్యూ ఎం20 లాంటి ఇంజిన్లకి ఆ సెన్సరే లేదు, కాబట్టి దెబ్బ పిస్టన్ మీదే పడుతుంది. ఏ పెట్రోల్ కోసం చేశారో స్పష్టంగా చెప్పని చిప్ కొనకూడదు.

ఆర్డర్ ఇచ్చే ముందు ఈసీయూ బయటకి తీసి లేబుల్ మీది పార్ట్ నంబర్ చదవండి. బాష్ అయితే 0 261తో మొదలయ్యే పది అంకెలు. ఒకే మోడల్‌లో, ఒకే ఏడాదిలో కూడా రెండు మూడు ఈసీయూలు వాడారు. మోడల్ పేరు చూసి చిప్ పంపేవాళ్లకంటే ఈ నంబర్ అడిగి పంపేవాళ్లే నమ్మదగినవాళ్లు. ఇంజెక్టర్లు, ఎయిర్‌ఫ్లో మీటర్ కంపెనీవేనా అని కూడా వాళ్లే అడగాలి. పెద్ద ఇంజెక్టర్లు వేసిన బండికి రెడీమేడ్ చిప్ పనికిరాదు.

ఇంజిన్ బాగాలేకపోతే ఏ చిప్ పెట్టినా లాభం లేదు. కంప్రెషన్ చూడండి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. ఫ్యూయల్ ప్రెషర్ మాన్యువల్‌లో ఎంత ఉందో అంత రావాలి. చాలా బాష్ సిస్టమ్స్‌లో కూలెంట్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తుంది. ఇంటేక్ రబ్బరు గొట్టాల్లో పగుళ్లు, అరిగిన డిస్ట్రిబ్యూటర్ క్యాప్, పాత లాంబ్డా (ఆక్సిజన్) సెన్సర్, ఇవన్నీ ముందే సరిచేయాలి. వీటిని సరిచేయగానే, చిప్ లేకుండానే, పోయిన పవర్ తిరిగొచ్చిన బండ్లు చాలా ఉన్నాయి.

బిగించడం కష్టమేమీ కాదు, కానీ తొందర పనికిరాదు. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. స్టాటిక్ పోవడానికి ముందు లోహం ముట్టుకోండి, రిస్ట్ స్ట్రాప్ ఉంటే ఇంకా మంచిది. పాత చిప్ మీది గాడి ఎటువైపు ఉందో ఫోటో తీసుకోండి. సన్నని స్క్రూడ్రైవర్‌తో ఒక చివర కొంచెం, రెండో చివర కొంచెం లేపుతూ తీయండి. కొత్త చిప్ కాళ్లు బయటికి విచ్చుకుని ఉంటాయి, బల్ల మీద పక్కకి ఆనించి నిటారుగా చేశాకే సాకెట్‌లో నొక్కండి. ఒక్క కాలు కిందికి మడత పడినా ఇంజిన్ స్టార్ట్ అవదు. గాడి రెండోవైపుకి వచ్చేలా తిప్పి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చిప్ కాలిపోతుంది. చిప్‌ని బోర్డుకి సోల్డర్ చేసి ఉంటే దాన్ని తీసి 28 కాళ్ల సాకెట్ వేయాలి. బోర్డు ట్రాక్‌లు తేలిగ్గా లేచిపోతాయి కాబట్టి సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్లకే ఇవ్వండి.

కాళ్లన్నీ సరిగ్గా ఉన్నా స్టార్ట్ కాకపోతే, స్టార్ట్ అయినా చెక్ లైట్ వెలిగితే, లేదా ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే, మూడు అనుమానాలు. మొదటిది, ఫైల్ మార్చి చెక్‌సమ్ (ఫైల్ సరిగా ఉందో లేదో ఈసీయూ చూసుకునే లెక్క) సరిచేయకపోవడం. రెండోది, అసలు చిప్ కంటే నెమ్మదైన ఈప్రామ్ వాడటం. మూడోది, 27సీ256 ఉండాల్సిన చోట 27సీ512 పెట్టి ఫైల్‌ని కింది సగంలోనే రాయడం. 27సీ512లో ఏ సగం చదవాలో ఎంచేది ఒకటో కాలే, ఆ సాకెట్‌లో దానికి ఎప్పుడూ 5 వోల్టులు ఉంటాయి, కాబట్టి ఈసీయూ పై సగమే చదువుతుంది. ఫైల్‌ని రెండు సగాల్లోనూ రాస్తే సరిపోతుంది.

క్యామ్, ఎగ్జాస్ట్, ఇంజెక్టర్లు మార్చిన బండికి డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద రాయించుకున్న చిప్ ఒక్కటే దారి. మంచి ట్యూనర్ సాకెట్‌లో ఎమ్యులేటర్ (చిప్ బదులు పనిచేసే పరికరం) పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే పట్టికలు మారుస్తూ, వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో పూర్తి థ్రాటిల్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి (ఒక పాలు పెట్రోల్‌కి బరువులో ఎన్ని పాళ్ల గాలి) చూస్తాడు. టర్బో లేకపోతే 12.6 నుంచి 13 మధ్య, టర్బో అయితే దాదాపు 11.5 నుంచి 12 మధ్య ఉంచి, చివరికి ఈప్రామ్‌లో రాసి ఇస్తాడు. ఖర్చు ఎక్కువే, కానీ మన ఇంజిన్‌ని కొలిచి రాసింది ఇదొక్కటే. ముందు, తర్వాత తీసిన డైనో గ్రాఫ్‌లతో పాటు చివరి ఫైల్ కూడా అడిగి తీసుకోండి. కొంతమంది ఫైల్ ఇవ్వరు, అది పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.

గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ అయితే దాని మీది స్టిక్కర్ పీకకండి. కిటికీ తెరిచి ఎండలో పెడితే వారం రోజుల్లో డేటా చెరిగిపోగలదు. తీసిన కంపెనీ చిప్‌ని యాంటీస్టాటిక్ ఫోమ్‌లో గుచ్చి, ఈసీయూ నంబర్ రాసి కారులోనే ఉంచండి. దారిలో కొత్త చిప్ మొరాయిస్తే దాన్ని పెట్టుకుని ఇల్లు చేరవచ్చు.