మాట్ పెయింటింగ్ నేర్పే పుస్తకాలు, వీడియోలు: ఏళ్లపాటు వాడాక ఏవి నిలబడ్డాయి

డేవిడ్ మాటింగ్లీ రాసిన ‘ది డిజిటల్ మాట్ పెయింటింగ్ హ్యాండ్‌బుక్’ 2011లో వచ్చింది. మాట్ పెయింటింగ్‌కి (సినిమా షాట్‌లో లేని కొండో కోటో నిజమనిపించేలా చిత్రించి కలిపే పని) ఏ పుస్తకం కొనాలని కర్నూలు, అనంతపురం, కడపల నుంచి ఎవరడిగినా ఇప్పటికీ నేను మొదట చెప్పేది దీని పేరే. మొత్తం చదవమని మాత్రం చెప్పను. పర్‌స్పెక్టివ్ అధ్యాయాలు, వెలుగునీడల అధ్యాయాలు చెక్కు చెదరలేదు. గీతల బొమ్మతో మొదలుపెట్టాలి, ఎండ ఏ వైపు నుంచి పడుతోందో తేల్చుకోవాలి, నీడలు పరచాలి, రాతి టెక్స్చర్ ఎక్కించడం ఆ తర్వాతే. ఈ క్రమం పట్టుబడితే సగం పని వచ్చినట్టే. కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. ముందే ఫోటోలు తెచ్చి అతికిస్తారు, ఒక్కో ఫోటోలో ఎండ ఒక్కో వైపు ఉంటుంది. దాన్ని సరిచేయడానికి పైన నల్ల బ్రష్, తెల్ల బ్రష్ రుద్దుతారు. చివరికి కోటగోడంతా మసిబారినట్టు తయారవుతుంది.

పుస్తకంలో పాతబడినవి సాఫ్ట్‌వేర్ పేజీలు. మాయా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మెనూలు చాలా మారిపోయాయి. అంతకంటే పెద్ద లోటు రంగుల లెక్కలో ఉంది. సినిమా రంగుల లెక్కకు ప్రమాణమైన ఏసెస్ 1.0 వచ్చింది 2014 చివర్లో, కాబట్టి ఆ సంగతి ఈ పుస్తకంలో దొరకదు. ఇప్పుడు స్టూడియోలో ప్లేట్ (కెమెరాతో తీసిన అసలు షాట్) వచ్చేది లీనియర్ (వెలుగు ఎంతో అంకె అంత ఉండే) ఈఎక్స్ఆర్ ఫైల్‌గా. మీరు మామూలు కంప్యూటర్ తెరల లెక్క అయిన ఎస్‌ఆర్‌జీబీలో వేసిన బొమ్మను ప్లేట్‌తో కలిపే దశలో, అంటే కంపోజిటింగ్‌లో లీనియర్ అని చదివిస్తే అది పాలిపోయి కనిపిస్తుంది. అది పెయింటింగ్‌లో తప్పనుకుని కాంట్రాస్ట్ పెంచుతారు, అక్కడి నుంచి అన్నీ చెడతాయి. ఫైల్‌ని 16 బిట్‌లోనే పెట్టండి. 8 బిట్‌లో ఆకాశం రంగును రెండుసార్లు సవరించేసరికి చారలు తేలతాయి.

పర్‌స్పెక్టివ్‌కి మాటింగ్లీ పుస్తకం బరువనిపిస్తే ఎర్నెస్ట్ నార్లింగ్ 1939లో రాసిన ‘పర్‌స్పెక్టివ్ మేడ్ ఈజీ’ తీసుకోండి. సన్నటి పుస్తకం, తేలికైన ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు కూడా బొమ్మలు చూస్తూ దాటేయగలరు. కంటి మట్టం దగ్గర మొదలుపెడతాడు, మనకు కావలసింది అదే. సమతలం మీద నిలబడి కంటి ఎత్తులో ఫోటో తీస్తే, దగ్గరివాళ్లయినా దూరంవాళ్లయినా నిలబడి ఉన్న మనుషుల కళ్లన్నీ దాదాపు దిగంతరేఖ మీదికే వస్తాయి. ఇది వంటబట్టనివాళ్లు గండికోట అంచున నిలబడి కింద పెన్నా లోయను తీసిన ఫోటోను తెచ్చి, నేలమట్టంలో తీసిన ప్లేట్ వెనక పెడతారు. ఒక ఫోటోలో కెమెరా లోయలోకి వంగి చూస్తోంది, రెండోదానిలో నిటారుగా చూస్తోంది. రంగులు ఎంత కలిపినా ఆ రెండూ అతకవు. ప్లేట్‌లో దిగంతరేఖను ఎర్ర గీతగా ఒక లేయర్‌లో గీసుకోండి, తెచ్చే ప్రతి ఫోటోలోనూ గీసుకోండి, రెండూ కలవకపోతే ఆ ఫోటో వద్దు.

నా దగ్గర బాగా నలిగిన పుస్తకం జేమ్స్ గర్నీ రాసిన ‘కలర్ అండ్ లైట్’, 2010 నాటిది. మాట్ పెయింటింగ్ కోసం రాసింది కాదు, రంగులతో చిత్రాలు వేసేవాళ్ల కోసం రాసింది. వాతావరణం వల్ల దూరం ఎలా కనపడుతుందో అందులో చదివినంత స్పష్టంగా ఏ వీడియోలోనూ దొరకలేదు. దూరం పెరిగేకొద్దీ ముందు మారేది నీడలు. అవి లేతబడి ఆకాశపు రంగులోకి జారతాయి. వెలుగు పడ్డ చోట్లు అంత త్వరగా మారవు. అందుకే దూరపు కొండ మీద ఒపాసిటీ తగ్గించిన నీలం పొర ఒకటి కప్పేస్తే నిజంగా కనపడదు, ఎండ పడ్డ రాళ్లూ అంతే పాలిపోతాయి కాబట్టి. లెవెల్స్‌లో అవుట్‌పుట్ బ్లాక్‌ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లలో విడివిడిగా పైకి లేపండి. ఉదాహరణకు ప్లేట్‌లో దగ్గరి నీడ ఆ మూడు చానళ్లలో 22, 24, 30 ఉండి, కిలోమీటరు దూరంలోని కొండ నీడ 95, 105, 118 ఉందనుకోండి. మీరు కొత్తగా పెట్టే కొండ ఆ రెంటికీ మధ్య దూరంలో ఉంటే దాని నీడ కూడా ఆ రెండు అంకెల మధ్యే పడాలి. కంటితో అంచనా వద్దు, ఐడ్రాపర్‌తో కొలవండి.

ఇదే పుస్తకంలో దూరమయ్యేకొద్దీ రంగు చల్లబడకుండా వెచ్చబడే సందర్భం గురించి కూడా ఉంది. రాయలసీమలో పనిచేసేవాళ్లు ఆ పేజీకి గుర్తు పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో గుత్తి కోటను దూరం నుంచి చూడండి. నీలం తెర ఉండదు, దుమ్ముతో పసుపు కలిసిన బూడిదరంగు తెర ఉంటుంది. వానలు పడి గాలి కడిగేసినట్టయ్యాక అదే కొండ నీలంగా తేలుతుంది. వేసవి ప్లేట్‌లో నీలం కొండ పెట్టారంటే అది మన ఊరి కొండ కాదని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

ఇక వీడియోలు. గ్నోమన్ వర్క్‌షాప్ కోసం మాట్ పెయింటర్ డిలన్ కోల్ చేసిన పాఠాలు పాతవే అయినా ఇప్పటికీ చూడదగ్గవి. ఏ బ్రష్ వాడుతున్నాడన్నది కాదు, ఏ లేయర్‌ని ఎందుకు చెరిపేస్తున్నాడో గమనించండి. యూట్యూబ్‌లో గంట పనిని పది నిమిషాలకు కుదించి పెట్టే వీడియోల వల్ల ఒరిగేదేమీ లేదు. వేలు ఎక్కడ ఆగిందో, ఏది నచ్చక తీసేశారో ఆ వేగంలో కనపడదు, నేర్చుకోవలసిందేమో అదే. ఇంకో జాగ్రత్త. ఫోటోషాప్‌లోని 3డి సదుపాయాలను అడోబ్ 2021లో 22.5 వెర్షన్ నుంచి ఆపేస్తూ వచ్చింది. అంతకుముందు చేసిన పాఠంలో 3డి మెనూ తెరిచి ఇళ్లు లేపుతుంటే, ఆ భాగం వదిలేసి ఉచిత 3డి ప్రోగ్రాం బ్లెండర్‌లో చేసుకోండి.

డబ్బు పెట్టి కొన్న కోర్సుల్లో కూడా ఒక ఇబ్బంది తప్పదు. వాళ్లిచ్చే ఫోటోలు ఎక్కువగా ఐరోపావి, ఉత్తర అమెరికావి. నాచు, పైన్ చెట్లు, మంచు కొండలు. అభ్యాసానికి పనికొస్తాయి, మన ప్లేట్‌తో కలపబోతే ఎండ దగ్గరే తేడా కొడుతుంది. అనంతపురం ఉన్నది దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు మూడో వారంలో కూడా మధ్యాహ్నం సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అదే రోజు లండన్‌లో 15 డిగ్రీలే. ఆరడుగుల మనిషి నీడ ఇక్కడ అయిదు అడుగుల లోపు, అక్కడ 22 అడుగులు. ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందికి పోతుంది. లండన్ చర్చి గోడ మీది వాలు నీడను తెచ్చి పెనుకొండ మధ్యాహ్నంలో పెడితే అతకదు.

అందుకని ఫోటోలు మీరే తీసుకోండి. ఈ విషయంలో మనకున్నంత సరుకు తక్కువ చోట్ల ఉంటుంది. గండికోటలో పొరలు పొరలుగా ఎర్రటి క్వార్ట్జైట్, ఓర్వకల్లులో విరిగిన రాళ్ల మొనలు, అనంతపురం చుట్టూ నున్నటి గుండ్లు పేర్చినట్టున్న కొండలు, నంద్యాల వైపు అడ్డులేని నల్లరేగడి చేలు. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల దారుల్లో నాపరాళ్లు నిలబెట్టి కట్టిన కంచెలు, పేర్చి కట్టిన గోడలు కోటగోడ టెక్స్చర్‌కి భలే పనికొస్తాయి. టెక్స్చర్ కోసమైతే మబ్బు పట్టినప్పుడు తీయండి. నీడ లేని రాయికి ఎండ మీరు వేసుకోవచ్చు, ఉన్న నీడను తీసేయడం చాలా కష్టం. కొండ ఆకారం కోసమైతే పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయండి.

ఫోన్‌తో తీసినా పర్వాలేదు కానీ హెచ్‌డీఆర్ ఆపేసి, ప్రో మోడ్‌లో రా ఫైల్‌గా తీయండి. మామూలు జేపెగ్‌లో ఫోన్ తనంతట తాను పదును పెడుతుంది. గండికోట అంచు ఆకాశాన్ని తాకే చోట రెండు వందల శాతం జూమ్ చేసి చూడండి, కొండ పొడవునా తెల్లటి సన్న గీత కనపడుతుంది. ఆకాశం మార్చగానే ఆ గీత మెరుస్తూ బయటపడుతుంది. దాన్ని మాస్క్‌తో కోస్తే కొండ అంచులోని చిన్న రాళ్లూ పొదలూ పోతాయి, అంచు కత్తిరించిన అట్టముక్కలా తయారవుతుంది. పనోరమా మోడ్ కూడా వద్దు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, ఒకదాని మీద ఒకటి మూడోవంతు కలిసేలా విడివిడిగా తీసి కంప్యూటర్‌లో అతికించండి.

ఎంత పెద్దది కావాలంటే, ప్లేట్ 1920 పిక్సెళ్ల వెడల్పుంటే కనీసం రెట్టింపు వెడల్పులో బొమ్మ వేయండి. షాట్‌లో కెమెరా ఒకటిన్నర రెట్లు దగ్గరకు పోతుందంటే ఆ రెట్టింపు చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది.

బొమ్మను 3డి పలకల మీద పడేలా చేసి కెమెరాను కదిలించే కెమెరా ప్రొజెక్షన్‌ని మాటింగ్లీ పుస్తకం పట్టుకుని నేర్చుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోవద్దు, సూత్రం ఒకటే. ఎఫ్‌స్పై అనే ఉచిత ప్రోగ్రాంలో ఫోటో తెరిచి, రెండు దిక్కుల్లో సమాంతరంగా ఉండే గీతల జతలు పెడితే కెమెరా కోణం లెక్కగట్టి ఇస్తుంది. క్రాప్ చేసిన ఫోటో పెడితే లెక్క తప్పుతుంది, ఫోటో మధ్యబిందువే కెమెరా మధ్యబిందువని అది నమ్ముతుంది కాబట్టి. ఆ కెమెరాను బ్లెండర్‌లోకి తెచ్చి, గోడల స్థానంలో మామూలు పలకలు నిలబెట్టి, యూవీ ప్రాజెక్ట్ మాడిఫయర్‌తో బొమ్మను వాటి మీద పడేలా చేయాలి. ఇక్కడ దాదాపు అందరికీ ఒక చిక్కు వస్తుంది. గోడ మీది రాళ్ల వరస నిటారుగా ఉండాల్సింది వంకర పోతుంది. పలకకు నాలుగే మూలలు ఉంటే మధ్యలో పర్‌స్పెక్టివ్ లెక్క సరిగా రాదు. సబ్‌డివిజన్‌ను సింపుల్‌లో పెట్టి ఆ పలకను చిన్న గళ్లుగా విడగొట్టి, దాని తర్వాత ప్రాజెక్ట్ మాడిఫయర్ పెడితే వంకర పోతుంది. కెమెరా పక్కకు జరిగితే స్తంభాల వెనక సాగిపోయిన రంగు బయటపడుతుంది. ఆ చోటు కనపడే ఫ్రేమ్ దగ్గర రెండో కెమెరా పెట్టి, అక్కడి నుంచి అతుకు వేయాలి.

కంపోజిటింగ్ నేర్చుకోడానికి న్యూక్ నాన్ కమర్షియల్ ఉచితం. అవుట్‌పుట్ 1920×1080 దాటదు, కొన్ని నోడ్‌లు పనిచేయవు. నేర్చుకోడానికి ఇది చాలు. ఫోటోషాప్ అద్దె కట్టలేనివాళ్లకు ఉచిత ప్రోగ్రాం క్రిటా ఉంది. 16 బిట్, 32 బిట్ ఫైళ్లు తెరుస్తుంది, వానిషింగ్ పాయింట్ గీతలకు బ్రష్‌ని కట్టేసే సదుపాయం ఉంది. ఫోటోలు కోసి అతికించే పనిలో మాత్రం ఫోటోషాప్ అంత చురుగ్గా ఉండదు.

బాలిస్టిక్ వాళ్ల ‘డార్టిస్ట్ మాట్ పెయింటింగ్’ పుస్తకం చూడటానికి అందంగా ఉంటుంది, అడుగడుగూ నేర్చుకోడానికి మాత్రం చాలదు. మార్క్ కొటా వాజ్, క్రెయిగ్ బారన్ కలిసి 2002లో తెచ్చిన ‘ది ఇన్విజిబుల్ ఆర్ట్’ చరిత్ర పుస్తకం. అద్దం మీద నూనె రంగులతో వేసిన కాలం నాటి పెయింటింగులు అందులో పెద్దగా కనపడతాయి. దగ్గర నుంచి చూస్తే ఎంత వదులుగా వేశారో తెలుస్తుంది. ఆ కాలపు మాట్ పెయింటర్ ఆల్బర్ట్ విట్లాక్ కిటికీలు లెక్కపెట్టలేదు, వెలుగు పడ్డ వైపు ఒక్క మెరుపు వేశాడు. ప్రతి ఇటుకనూ పదునుగా చూపించాలని తపించేవాళ్లు ఒకసారి చూడాల్సిన పుస్తకం.

వీటిలో ఏదీ సరిగ్గా నేర్పనిది అంచుల పని. ప్లేట్‌లో ఫోకస్‌లో ఉన్న గోడ అంచును బాగా జూమ్ చేసి చూడండి, అది రెండు మూడు పిక్సెళ్ల మీద పరుచుకుని ఉంటుంది. మీ మాస్క్ అంచు ఒక్క పిక్సెల్‌లో తెగిపోతే అతుకు అక్కడే కనపడుతుంది. మాస్క్‌ని ఆ మేరకే బ్లర్ చేయండి, ఎక్కువ చేస్తే ఆకాశం రంగు కొండలోకి కారుతుంది. గ్రెయిన్ (ప్లేట్ మీద ఉండే సన్నటి చుక్కల్లాంటి గరుకు) చివర్లో వేయండి, నీలం చానల్‌లో కాస్త ఎక్కువగా. ప్లేట్‌లో కూడా చాలాసార్లు అది అక్కడే ఎక్కువ. వేశాక మూడు చానళ్లను ఒక్కొక్కటిగా బ్లాక్ అండ్ వైట్‌లో తెరిచి, గామా బాగా పెంచి ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి చూడండి. మామూలుగా కలిసిపోయినట్టున్న కొండ నీలం చానల్‌లో పెచ్చులా లేచి కనపడుతుంటే నీడల అంకెలు మళ్లీ కొలవాల్సిందే.