స్టీరియో కొత్తది, మూగబోయింది రేడియో

ఎనిమిదేళ్ల నాటి మా కారుకు కంపెనీ బిగించి ఇచ్చిన స్టీరియోలో బ్లూటూత్ లేదు. పెన్‌డ్రైవ్ పెడితే పది నిమిషాలు ఆలోచించి, తరువాత ఊరుకునేది. అందుచేత గత నెలలో విజయనగరం కోటకు కొద్ది దూరంలో ఉన్న ఒక కారు యాక్సెసరీస్ దుకాణంలో, ఫోనులోని మ్యాపులు, పాటలను కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో పనిచేసే ఏడంగుళాల టచ్‌స్క్రీన్ సెట్ వేయించుకున్నాను.

కొలత విషయంలో ఇబ్బంది రాలేదు. కారు స్టీరియోల ప్రామాణిక కొలతల్లో ఒకటైన డబుల్ డిన్ సెట్ ముఖభాగం దాదాపు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మా డాష్‌బోర్డు ఖాళీ కాస్త వంకరగా ఉండడంతో, మా మోడల్‌కు సరిపడే ఫ్రేమును వారే తెప్పించారు. పేచీ అంతా వైర్ల దగ్గర వచ్చింది. "కోసేసి కలిపేస్తే గంటలో అయిపోద్ది బాబూ" అన్నాడు బిగించే కుర్రవాడు. కంపెనీ వైరింగును కోస్తే రేపు పాత సెట్ తిరిగి పెట్టుకోవాలన్నా ఇబ్బందే కనుక నేను ఒప్పుకోలేదు. పాత సాకెట్‌లోకి నేరుగా దిగే కప్లర్ కావాలని పట్టుబట్టాను. దానికి మరో 600 రూపాయలు, మరుసటి రోజు దాకా నిరీక్షణ పట్టాయి. ఆ డబ్బు పెట్టడానికి ఎవరూ వెనుకాడకూడదు.

మరునాడు పని శుభ్రంగా సాగింది. తాళం తీసినా సెట్టింగులు పోకుండా చూసే పసుపు వైరునూ, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఎరుపు వైరునూ మీటరు పెట్టి పరీక్షించి మరీ కలిపాడు. స్టీరింగ్ మీది బటన్లను ఒక్కొక్కటే నొక్కి సెట్‌కు నేర్పించాడు. ఇంత శ్రద్ధ నేను ఊహించలేదు.

అయితే ఆ సాయంత్రం శృంగవరపుకోట దారిలో ఊరు దాటగానే విశాఖ ఎఫ్‌ఎం గరగరమంటూ మూగబోయింది. పాత సెట్‌లో అదే చోట చక్కగా వినబడేది. మా యాంటెన్నా అడుగున సంకేతాన్ని పెంచే చిన్న బూస్టరు ఉంది. దానికి కరెంటు అందించవలసిన నీలం వైరును ఎక్కడా కలపకుండా టేపు చుట్టి వదిలేశారు. తిరిగి వెళితే పది నిమిషాల్లో, డబ్బు తీసుకోకుండానే సరిచేశారు. కాని డాష్‌బోర్డు మూసే ముందు ఒక్కసారి రేడియో పెట్టి చూసి ఉంటే నాకు ఆ రెండో ప్రయాణం తప్పేది.

సెట్ గురించి చెప్పాలంటే, గుంతల రోడ్డు మీద తెరను తడుముకునే పని లేకుండా శబ్దానికి గుండ్రటి మీట ఉన్నదే ఎంచుకున్నాను, అది మంచిదయింది. పెట్టె మీద 50 వాట్లు చొప్పున నాలుగు స్పీకర్లకు అని ఘనంగా ముద్రించారు గాని, అది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు. పాత స్పీకర్లకు అదే ఎక్కువ. ఘంటసాల గొంతు మాత్రం ఇదివరకటి కంటే తేటగా వస్తున్నది, శబ్దం పెంచితే వెనుక తలుపు ప్లాస్టిక్ అదురుతున్నది. ఆ అదురుడుకు ఫోము పట్టీ అతికిస్తామన్నారు. వచ్చే ఆదివారం వెళ్లాలి.